నల్లపీత ఇచ్చిన జవాబు

"ఎవరిదా గొంతు?"

విజయనగరం బంగళాలో వైర్‌లెస్ సెట్ ముందు కూర్చున్న కూర్మయ్య హెడ్‌ఫోన్స్ తీయలేదు. ఇంటెలిజెన్స్ కెప్టెన్ భీమశంకరరావు మళ్లీ అడిగాడు.

"నీలవేణిది బాబూ. రంగూన్‌ల బాంబులు పడ్డనాడు సచ్చిపోనాదనుకున్నాను."

పేరు బయటపెట్టాక గాని ఏం చేశాడో అతనికి తెలిసిరాలేదు.

రంగూన్‌లో ఒక జపానువాడి ఫొటో స్టూడియోలో ఇద్దరూ పనిచేశారు. నేల తుడిచే కూర్మయ్యకు కౌంటర్‌లో కూర్చునే నీలవేణి జపనీస్ నేర్పింది. "నేర్సుకో బావా, మంచి ఉద్యోగమొస్తాది," అనేది. వచ్చింది. బర్మా అడవుల్లో నడిచి ఇల్లు చేరి, పని దొరక్క తిరుగుతున్న మనిషిని ఆ భాష కోసమే ప్రభుత్వం వెతికి పట్టుకుంది. ఇది 1943. 'నల్లపీత' అనే కోడ్ పేరుతో మన ఓడల టైములు జపాన్ సబ్‌మెరైన్‌కి అందిస్తున్నది ఆ నీలవేణే.

"సిగ్నల్ కళింగపట్నంలో జగన్నాధం గొడౌన్ నుంచి," అన్నాడు కెప్టెన్. "ఎండుచేపల వ్యాపారం పైకి మాత్రమే. గూఢచారి ముఠా నాయకుడు వాడే. జపనీస్ రాదు కాబట్టి ఆమెను పెట్టుకున్నాడు. ఇవాళ సాయంత్రం ఐదింటికి విశాఖ నుంచి ఎనిమిది వందలమంది సిపాయిలతో ఓడ కలకత్తా వెళ్తుంది. ఐదున్నరకి ఆమె మాట్లాడుతుంది. ఈలోగా సెట్ మన చేతికి రావాలి."

"మరి ఆవిడో బాబూ?"

కెప్టెన్ కిటికీ వైపు తిరిగి, "సెట్‌లో జపనీస్ మాట్లాడటానికి నువ్వూ వెళ్లాలి," అన్నాడు.

ఎండుచేపలు కొనే షావుకారు వేషంలో, మఫ్టీలో ఉన్న ఇద్దరు పోలీసులతో కూర్మయ్య గొడౌన్ వెనకగదిలోకి వెళ్లేసరికి ఐదూ ఇరవై ఎనిమిది. హార్మోనియం పెట్టెలో ట్రాన్స్‌మిటర్. దాని ముందు పట్టుచీర, ముత్యాల దండ, రంగు వేసిన పెదవులతో నీలవేణి.

"బావా!"

ఆ ఒక్క పిలుపుతో వచ్చినవాడు షావుకారు కాదని తెలిసి, పక్కనే ఉన్న జగన్నాధం పిస్తోలు తీశాడు. నీలవేణి అడ్డం వచ్చింది. గుండు ఆమెకి తగిలింది. పోలీసులు వాణ్ణి నేలకేసి అదిమారు.

"ఇంతకుముందు రెండు పాలీలు వాళ్లకి తప్పుడు టైములే సెప్పినాను," అంది అతని ఒళ్లో పడి. "మదరాసులో మన పెద్దాపీసరుకి తెలుసు."

"మాకెవలూ సెప్పనేదే!"

"రహస్యం కదేటి..."

డబల్ ఏజెంట్. ఒక ఆఫీసు సంగతి ఇంకో ఆఫీసుకి తెలియదు.

సెట్ గరగరలాడింది. జపనీస్‌లో పిలుపు: "నల్లపీతా, జవాబివ్వు."

ఓడ బయల్దేరిపోయింది. జవాబు లేకపోతే సబ్‌మెరైన్ దాని దారిలోనే కాపు కాస్తుంది.

"నువ్వు సెప్పు," అంది నీలవేణి.

కూర్మయ్య మైకు అందుకున్నాడు. "ఓడ మద్రాసు వైపు మళ్లింది. దక్షిణానికి వెళ్లండి."

"నువ్వెవరు? ఆమె ఏది?"

కూర్మయ్య కిందికి చూశాడు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు.

"ఆమె మనిషినే. జ్వరమొచ్చి పడుకుంది," అన్నాడు, ఆమె నేర్పిన మర్యాద తప్పకుండా.

అవతలి గొంతు మెత్తబడింది.

"సరే, దక్షిణానికి వెళ్తున్నాం. ఆమెను జాగ్రత్తగా చూసుకో."

ఓడ క్షేమంగా కలకత్తా చేరింది.

యుద్ధం ముగిసింది. వైర్‌లెస్ ఆఫీసు ఎత్తేశారు. జూట్ మిల్లులో పని కోసం చూపించుకోడానికి ఒక సర్టిఫికెట్ ఇమ్మని కూర్మయ్య కెప్టెన్ని అడిగాడు. జపనీస్ వచ్చని రాయకూడదు. ఏ పని చేశాడో అసలే రాయకూడదు. భీమశంకరరావు చాలాసేపు కలం పట్టుకు కూర్చుని, చివరికి రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాడు:

"నమ్మకస్తుడు. మితభాషి."