మేక జరిగింది

నీలవేణికి వాన ఇక చాలనిపించింది. వెంటనే వాన ఆగిపోయింది.

బయలుగదిలో అంతే. పిల్లల నుదుట కట్టిన మనసుపట్టీ వాళ్ల కోరికను పసిగడుతుంది, గోడలు దాన్ని నెరవేరుస్తాయి. దాహమేస్తే గ్లాసు చేతికొస్తుంది. అడ్డొచ్చిన జింక తనంతట తానే తప్పుకుంటుంది. గుచ్చుకోని ముళ్లు, కుట్టని చీమలు! పదేళ్లుగా అంగన్‌వాడీ పిల్లలకు ఆరుబయలంటే ఇదే. ఇళ్లలోనూ ఆ పట్టీలే.

సులోచన టీచరుకు మాత్రం ఆ పూట మనసు మనసులో లేదు. ఐదేళ్లు నిండినా నీలవేణి నోట ఒక్క మాట రాలేదు. చెవులు బాగానే ఉన్నాయి, గొంతూ బాగానే ఉంది. రేపు పొద్దున్నే పిల్లను నగరంలోని వాక్చికిత్సాలయానికి పంపాలనీ, ఏడాది దాకా తల్లి కూడా చూడకూడదనీ ఉత్తర్వు వచ్చింది. అడగకముందే అన్నీ అమరుస్తుంటే మాటెందుకు పుడుతుందని సులోచన మూడు ఉత్తరాలు రాసింది. ఒక్కదానికీ జవాబు లేదు.

ఆమె విసురుగా లేచి, పదముగ్గురు పిల్లల పట్టీలూ విప్పేసి, వెనక తలుపు తీసింది.

"ఏం జేస్తున్నవ్ టీచరమ్మా? అవతల నిజం బయలున్నది!" పర్యవేక్షకుడు భూమన్న అడ్డొచ్చాడు.

"అందుకే పోతున్నం సారూ. మీరు గూడ రాండ్రి. కాళ్లకు మన్నంటితే ఏం గాదు."

చేను గట్టు మీద పిల్లలు బిక్కమొహాలేసుకుని నిలబడ్డారు. ఎండ తగ్గమంటే తగ్గలేదు. నీలవేణి ఎర్రచెప్పు ఒకటి కాలి నుంచి జారింది. ఎక్కడినుంచో వచ్చిన మేక ఒకటి సరిగ్గా దానిమీదే కాలేసి, తుమ్మకాయలు నమలసాగింది.

పిల్ల ఎప్పటిలాగే మేకను తప్పుకొమ్మని మనసులో కోరుకుంది. మేక నమిలింది. ఇంకా గట్టిగా కోరుకుంది. మేక ఇంకాస్త తీరిగ్గా నమిలింది. పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. భూమన్న మేకను అదిలించబోతే సులోచన గబుక్కున అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"జ... జరుగు!"

మేక చెవి కదిలింది.

"జరుగవే! నా చెప్పది!"

మేక జరిగింది.

సులోచన సంతోషం పట్టలేక భూమన్న చెయ్యి వదిలేసి చప్పట్లు కొట్టింది. మిగతా పన్నెండుమందీ మేక వెంటపడి "జరుగు, జరుగు" అని ఒకటే గోల. భూమన్న చేతిలోని నమోదుపలక అలవాటు ప్రకారం అడిగింది: "ఏమి జరిగినది?"

"మేక జరిగింది. రాసుకో," అన్నాడు భూమన్న, కళ్లు తుడుచుకుంటూ.

పలక దానికి గడి వెతుక్కుంటూ ఉండిపోయింది.

అంతలో నీలవేణి తల్లి లచ్చవ్వ, రేపటి ప్రయాణానికి సర్దిన బట్టల సంచితో గట్టెక్కి వచ్చింది.

"అమ్మా, జరుగు! మేకొస్తున్నది!"

లచ్చవ్వ జరగలేదు. సంచి కిందపడింది. మేక వచ్చి కొంగు పట్టుకున్నా ఆమె కదల్లేదు.

"ఇంకొక్కపారి అను బిడ్డా," అంది.