వెనక నిలబడ్డ గొంతు

ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. మీరు బండి వెనక్కి తీసేటప్పుడు "రానీ, రానీ" అంటూ వెనక నిలబడి చెప్పే మనిషి ముఖం ఎప్పుడైనా చూశారా? చూడరు. అద్దంలో సగం భుజమో, ఊగే చెయ్యో కనిపిస్తుంది. ఒక్కోసారి అదీ ఉండదు. గొంతు ఒక్కటే. ఆ గొంతును నమ్మి మన బరువంతా వెనక్కి వదిలేస్తాం.

నేనూ అదే చేశాను.

మా అక్క కళ్ళ పరీక్షలు చేస్తుంది. ఊరూరా తిరిగి బడుల్లో, ఫ్యాక్టరీల్లో అక్షరాల అట్ట తగిలించి, "పై వరస చదవండి... ఇప్పుడు కింది వరస" అంటుంది రోజంతా. నేను చదువు ముగించుకుని ఆమె దగ్గరే డ్రైవరుగా చేరాను. అమ్మానాన్నలు లేరు. నాకు అక్క, అక్కకు నేను, అంతే. ఎప్పుడు చూసినా తాళం వేసి ఉండే గది మనకెందుకని, దాన్ని ఖాళీ చేసి బండినే ఇల్లు చేసుకుందామనుకున్నాం. ఏ బండి అన్న దగ్గరే వచ్చింది తంటా.

నాది మోటర్‌హోమ్ పక్షం. ఇంజిను, మంచం, పొయ్యి అన్నీ ఒకే కప్పు కింద. అక్కది ట్రైలర్ పక్షం. కారు వెనక కొక్కేనికి తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల గది.

"నీ మోటర్‌హోమ్ ఇంజిను చెడిందనుకో, ఇల్లు కూడా మెకానిక్ షెడ్డులోనే పడుంటుంది. అప్పుడు మనం ఎక్కడ పడుకోవాలి, పాత టైర్ల మీదా?" అంది అక్క.

"నీ ట్రైలర్‌లో పడుకున్నాక బయట ఎవడో తిరుగుతున్నాడనుకో. తలుపు తీసి, కిందికి దిగి, కారు దాకా పరిగెత్తాలి. నా బండిలో అయితే మంచం మీంచి నేరుగా స్టీరింగ్ దగ్గరికే! తలుపు తియ్యక్కర్లేదు."

"ఎవడు తిరుగుతాడే? నీ వాగుడికి దోమ కూడా దగ్గరికి రాదు."

"వ్యక్తిగత దూషణ! అధ్యక్షా, పాయింటు నాకే."

"చాల్లే ప్లీడరూ. కష్టమొస్తే ట్రైలర్ కొక్కెం తీసి వదిలేసి పోతాం. నీ బండిని అలా వదలగలవా?"

కాలేజీ వాదపోటీల్లో ఎదుటి జట్టు నోరు మూయించి కప్పులు తెచ్చినదాన్ని. ఆ పాయింటు మాత్రం అక్కకే పోయింది. రెండూ వాడి చూశాకే తేల్చుకుందామనుకున్నాం. మోటర్‌హోమ్ తోలి చూసేశాం. ఇక ట్రైలర్ వంతు. అద్దెకు తీసుకుని, కారుకి తగిలించుకుని బయల్దేరాం.

జలాశయం ఒడ్డున బళ్ళు నిలుపుకునే మైదానం అది. మేం చేరేసరికి పొద్దు ఇంకా వాలుతూనే ఉంది. నీళ్ళ మీంచి లేచిన పొగమంచు మాత్రం అప్పటికే నేలంతా ఆక్రమించేసింది. మా బండి తప్ప ఇంకో బండి లేదు. గేటు పక్కన రేకుల షెడ్డు, అందులో మనిషి లేడు. తడి మట్టి వాసన. ఆ వాసన కింద ఇంకేదో... చాన్నాళ్ళు మూసి ఉంచిన సీసా మూత తీసినట్టు. కప్పలు అరవడం లేదు. అంత నీళ్ళున్నాయి, ఒడ్డుకు తగిలే చప్పుడైనా లేదు.

"నీళ్ళ వైపు వెనక్కి పెట్టాలి ప్లీడరూ. పొద్దున్నే కిటికీలోంచి చూడాలి నేను," అంటూ అక్క దిగింది. తలుపు వేస్తూ ఇంకేదో అంది. ఇంజిను రొదలో వినబడలేదు.

అద్దాల్లో ట్రైలర్ తెల్లటి గోడ. దాని వెనక అంతకంటే తెల్లటి మంచు. కిటికీ అద్దం దించాను.

"రానీ..."

అక్క గొంతు. నెమ్మదిగా రివర్స్ చేశాను.

"రానీ... రానీ... కాస్త ఎడమకి... రానీ..."

ట్రైలర్‌తో వెనక్కి రావడం తిక్క పని. స్టీరింగ్ ఒకవైపు తిప్పితే అది రెండో వైపు పోతుంది. కళ్ళు పనికిరావు. చెవులతోనే తోలుతున్నాను. గొంతు మెత్తగా, ఎంతో ఓపికగా పిలుస్తోంది. అనుమానం అక్కడే రావాలి కదా? నాకు డ్రైవింగ్ చెప్పేటప్పుడు మా అక్కకు ఓపిక ఏనాడుంది?

"రానీ..."

అప్పుడు కారు ముందు, లైట్ల వెలుగులో, మంచులోంచి అక్క నడుచుకుంటూ వచ్చింది.

చక్రాల కింద పెట్టే చెక్కదిమ్మలు చంకలో పెట్టుకుని, షెడ్డు వైపు నుంచి. నన్ను చూసింది. దిమ్మలు పడేసి, చెయ్యెత్తి పరిగెత్తింది.

వెనక నుంచి... "రానీ..."

బ్రేకు తొక్కాను. ఆలస్యమైపోయింది. ట్రైలర్ చక్రాలు ఒడ్డు దాటేశాయి. కారు వెనక్కి ఊగి, ఆగింది. ముందుకు లాగబోతే టైర్లు బురదలో గిర్రున తిరిగాయి.

తర్వాత వెనక నుంచి, కాస్త విసుగ్గా...

"ఆపమన్నానా?"

అక్క నా కిటికీ పట్టుకుంది. "ఎవరే అది?"

"నీ గొంతే అక్కా."

"నేను షెడ్డులో ఉన్నానే! వచ్చేదాకా కదలొద్దని చెప్పే కదా వెళ్ళాను!"

కారు ఇంకో అంగుళం జారింది.

"వదిలేసి నడిచిపోదాం," గొణిగాను.

అక్క చుట్టూ చూసింది. గేటు కనబడటం లేదు. షెడ్డూ కనబడటం లేదు. "ఈ మంచులోనా? దాని పక్కనుంచా?" నా చెవి దగ్గరికి వంగింది. "కొక్కెం తీసేస్తాను. విను. ఇక నేను నోరు తెరవను. ఊడగానే డిక్కీ మీద రెండు దెబ్బలు కొడతా, అప్పుడే ముందుకు లాగు. నా గొంతు వినబడితే... అది నేను కాదు. తెలిసిందా?"

తలూపాను. అక్క వెనక్కి వెళ్ళింది. మంచు ఆమె వెనక మూసుకుంది.

ఇనుము గీసుకున్న చప్పుడు. మళ్ళీ. ఆగింది.

"ప్లీడరూ..."

బ్రేకు మీద కాలు ఇంకా గట్టిగా నొక్కాను.

"ప్లీడరూ... చెయ్యి ఇరుక్కుందే. కొంచెం వెనక్కి రానీ..."

నన్ను ప్లీడరు అనేది అక్క ఒక్కతే. కానీ ఇందాక దిగుతూ ఆ మాట పైకే అంది కదా, అది వినే ఉంటుంది. సరే, చెయ్యి నిజంగానే ఇరుక్కుందనుకుందాం. అయినా ఇందాకటి నుంచి వెనక్కి రమ్మంటున్నది ఎవరు? నోరు తెరవనని నియమం పెట్టింది ఎవరు? పాయింటు మీద పాయింటు పేర్చాను. నా చెవులు విన్నదాన్ని నేనే వాదించి ఓడించాను. కాలు బ్రేకు మీంచి తియ్యలేదు.

"రానీవే... నొప్పే... కొంచెం..."

ఏడుపు. అక్క చిన్నప్పుడు ఏడ్చినట్టే, వెక్కి వెక్కి. తర్వాత అదీ ఆగిపోయింది.

ఏమీ లేదు. చాలాసేపు... ఏమీ లేదు.

ధన్. ధన్.

డిక్కీ మీద. యాక్సిలరేటర్ తొక్కాను. కారు ఒక్క దూకు దూకింది. వెనక నీళ్ళలోకి పెద్దదేదో మెల్లగా దిగిన చప్పుడు. పక్క తలుపు తెరుచుకుంది. అక్క. నిలువునా తడిసి ఉంది. కుడి చేతిని కడుపుకి అదుముకుని ఎక్కి కూర్చుంది.

రోడ్డెక్కాక అక్క వైపు తిరిగాను. "నీ గొంతుతో ఏడ్చింది కూడా అక్కా! నేను కదిలితేనా! విన్నావా?"

అక్క నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. గొంతు నరాలు పొంగేలా మళ్ళీ ప్రయత్నించింది... ఊపిరి కూడా వినబడలేదు. అద్దానికి పట్టిన ఆవిరి మీద ఎడమ చేతి వేలితో, వంకరటింకరగా రాసింది.

పిలిచాను కదా.

కింద ఇంకో వరస.

కొట్టింది నేను కాదు.

నలిగిన వేళ్ళు అతుక్కున్నాయి. గొంతులో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. అయినా మాట రాలేదు. ఇప్పుడు అక్షరాల అట్ట దగ్గర అక్క పుల్లతో చూపిస్తుంది, "కింది వరస" అని నేనంటాను. మోటర్‌హోమ్ కొన్నాం. వాదం నేనే గెలిచాను. నన్ను "చాల్లే ప్లీడరూ" అనేవాళ్ళు లేరు.

ఈ బండికి వెనక కెమెరా ఉంది. స్టీరింగ్ పక్కన తెర. ఎవరూ వెనక నిలబడక్కర్లేదు. నిన్న మునిమాపువేళ పెట్రోలు బంకు వెనక రివర్స్ చేస్తున్నాను. తెర మీద ఖాళీ సిమెంటు నేల, అంతే. అక్క నా పక్క సీట్లో, తల కిటికీకి ఆనించి నిద్రపోతోంది.

"రానీ..."

వెనక నుంచి. అదే ఓపిక.

"రానీ ప్లీడరూ... రానీ..."

బ్రేకు తొక్కి తెర వైపు చూశాను. ఎవరూ లేరు. అక్క వైపు చూశాను. కళ్ళు మూసే ఉన్నాయి. పెదాలు మాత్రం కదులుతున్నాయి. వెనక వినబడే ఒక్కో మాటకీ సరిగ్గా సరిపోతూ.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ సాయంత్రం మీరు బండి వెనక్కి తీసేటప్పుడు ఆడగొంతు ఒకటి "రానీ" అంటే, ఎంత దగ్గరివాళ్ళ గొంతైనా సరే, ఒక్క అంగుళం కదపొద్దు. ఇంజిను ఆపండి. దిగండి. వెనక్కి నడిచి వెళ్ళి ముఖం చూడండి.

అక్కడ ఎవరూ లేకపోతే... ఆ పిలుపుకు మాత్రం మీ గొంతుతో జవాబు చెప్పకండి.