మెట్ల గోడ మీది ఖాళీలు

శనివారం ఉదయం ఎర్నెస్టీన్ పొయ్యి మీద మొక్కజొన్న రవ్వ జావ కలుపుతోంది. వెనుక బల్ల దగ్గర ఆమె పిల్లలిద్దరూ జనాభా లెక్కల మీద పోట్లాడుకుంటున్నారు. దక్షిణ చికాగోలో నల్లవారి ఇళ్ళలో కొన్నేళ్ళుగా ఉదయం ఫలహారంతో పాటు ఈ వాదనా వడ్డనకు వస్తోంది.

"ఒకప్పుడు ఈ ఊళ్ళో పదిమందిలో నలుగురం మనమే. ఇప్పుడు ముగ్గురం కూడా లేం. బుద్ధున్నవాళ్ళంతా వెళ్ళిపోయారు, లాండా," అన్నాడు క్లిఫ్టన్. తల్లిని తనతో అట్లాంటా తీసుకుపోవాలనే వచ్చాడతను.

"వెళ్ళిపోయారా, వెళ్ళగొట్టారా? బడి మూసేశారు. ఆసుపత్రి మూసేశారు. చివరికి కూరగాయల కొట్టూ మూసేసి, మీరే వెళ్ళారంటే ఎలా అన్నా?" అంది యొలాండా.

"ఎవరు చేస్తేనేం? గోడ ఒరిగిపోతున్న ఇంట్లో అమ్మని ఉంచుతావా?"

"అట్లాంటాలో నీమీద పూలు చల్లుతున్నారా? పోలీసులు నీ కారు ఆపారని ఫోన్లో మొత్తుకున్నది ఎవరు?"

"ఆపినవాడూ మనవాడే. అదొక తృప్తి."

ఎర్నెస్టీన్ నవ్వింది. "నా వంటింట్లో కూర్చుని నన్నడక్కుండా నన్ను పంచుకోకండి. నోళ్ళు మూసుకుని తినండి. నేను మీ నాన్న కొన్న ఇంట్లోంచి కదలను."

ఆ మాటలో ధీమా ఉంది కాని, ఇంట్లో లేదు. నేలమాళిగ గోడ లోపలికి వంగింది. చలికాలంలోగా బాగుచేయించకపోతే ఖాళీ చేయాలని నగర అధికారులు తలుపు మీద కాగితం అంటించారు. అప్పు కోసం యొలాండా ఒక బ్యాంకుకు వెళ్ళింది. వారి మదింపుదారు వచ్చి, ఎర్నెస్టీన్ ఇచ్చిన నిమ్మరసం తాగి, ఇంటికి కట్టిన వెల ఎంత తక్కువంటే దాని మీద అప్పు పుట్టదు. తెల్లవాళ్ళుండే పేటలో ఇదే ఇటుకతో, ఇదే నమూనాలో కట్టిన ఇంటి ధరలో అది సగం కూడా లేదు. ఇప్పుడు మరో బ్యాంకు మరో మనిషిని పంపుతోంది. అతను వచ్చేది ఈ ఉదయమే. ఆ సంగతి ఎర్నెస్టీన్‌కు మాత్రం చెప్పలేదు.

క్లిఫ్టన్ తల్లిని జుట్టు చేయించుకోవడానికి తీసుకువెళ్ళాడు. కారు మలుపు తిరగగానే యొలాండా పని మొదలుపెట్టింది. ఇల్లు తెల్లవాళ్ళదనిపించేలా సర్దడం ఆమె కనిపెట్టిన పని కాదు. ఆమెకు తెలిసిన వాళ్ళు చాలామంది చేశారు, చేసి ఎవరికీ చెప్పుకోలేదు. మెట్ల గోడ మీది ఫోటోలన్నీ తీసింది. బస్సు డ్రైవరు యూనిఫాంలో తండ్రి హోరేస్, ఆదివారపు టోపీలో తల్లి, పట్టా పుచ్చుకుంటున్న తను. స్నానాలగదిలోంచి తలనూనె డబ్బాలు తీసింది. నిద్రలో జుట్టు చెదరకుండా తల్లి పెట్టుకునే సాటిన్ టోపీ, చర్చిలో ఇచ్చిన అట్ట విసనకర్ర, అలమరలోంచి నల్లవారు రాసిన పుస్తకాలు, అన్నీ కారు డిక్కీలోకి వెళ్ళాయి. ఒక కుటుంబం ఆ ఇంట్లో బతికిన ఆనవాళ్ళు రెండు సంచుల్లో పట్టాయి.

గ్రంథాలయంలో తనతో పనిచేసే మార్నీ తన తాతయ్యల, పిల్లల ఫోటోలతో వచ్చింది. తెల్లమ్మాయి. ఆమె ముఖం కందిపోయి ఉంది.

"యొలాండా, నాకు సిగ్గుగా ఉంది."

"ఆ సిగ్గు తర్వాత పడు. ముందు మేకులకు తగిలించు. ఇవాళ ఇల్లు నీది."

యొలాండా ఎదురు వరుసలో కారు నిలిపి అందులో కూర్చుంది.

సెలూన్‌లో ఆ రోజు నీటి గొట్టం పగిలింది. స్నేహితుల్ని చూసి వస్తానన్న కొడుకు కోసం ఎదురుచూడక, ఎర్నెస్టీన్ బస్సెక్కి ఇంటికి వచ్చేసింది. వీధి చివరనుంచి నడిచివచ్చిన ఆమెను యొలాండా గమనించేసరికే ఆమె తాళంచెవి తలుపులో పెట్టింది.

ముందుగదిలో ఎవరో తెల్లవాడు టేపుతో గోడ కొలుస్తున్నాడు. తన కుర్చీలో ఎవరో తెల్లమ్మాయి. మెట్ల గోడ మీద తన భర్త ఉండవలసిన చోట ఎవరో ఎర్రగడ్డం ముసలాయన.

"ఈవిడ ఎవరండీ?" మార్నీని అడిగాడు మదింపుదారు.

మార్నీ కుర్చీలోంచి లేచింది. ఎర్నెస్టీన్ ఆ గోడను ఒకసారి చూసింది. అంతే.

"ఇల్లు తుడిచే మనిషిని సార్," అంది. "ఆలస్యమైందమ్మగారూ, బస్సు దొరకలేదు. వంటింట్లో గిన్నెలు చూసుకుంటాను."

పెరటి తలుపులోంచి యొలాండా పరుగున లోపలికి వచ్చేసరికి, తల్లి ఉదయమే కడిగిన పళ్ళేలను మళ్ళీ కడుగుతోంది.

"అమ్మా..."

"ష్! గట్టిగా మాట్లాడకు. అమ్మగారు వింటారు."

"అలా అనకమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకుంటే అతను చూస్తాడు. తువ్వాలు తీసుకుని తుడుస్తూ నిలబడు. మనం ఇద్దరం పనివాళ్ళమైతే ఇల్లు ఇంకా ఖరీదుగా కనిపిస్తుంది."

మదింపుదారు వంటగది గుమ్మంలోకి వచ్చాడు. మర్యాదస్తుడు. చిరునవ్వుతోనే అన్నాడు: "ఇంటిని చాలా శుభ్రంగా ఉంచుతున్నారు."

"చాలా ఏళ్ళుగా సార్," అంది ఎర్నెస్టీన్.

అతను వెళ్ళాడు. మార్నీ ఫోటోలు సంచిలో వేసుకుని, తలవంచుకుని వెళ్ళిపోయింది. యొలాండా నేల మీద కూలబడింది.

"నీకు తెలియకూడదనే నిన్ను పంపించానమ్మా. నీకీ అవమానం జరగకూడదని."

"నాకు తెలియదనుకున్నావా!" ఎర్నెస్టీన్ కుళాయి కట్టేసి కుర్చీలో కూర్చుంది. "ఈ ఇంటిని నేను మొదట ఎక్కణ్ణుంచి చూశానో తెలుసా? కారు వెనకసీటు కిందనుంచి. క్లిఫ్టన్ కడుపులో ఉన్నాడు. నల్లవాళ్ళకు అమ్మరని, మీ నాన్న పనిచేసే బస్సు డిపోలోని ఒక తెల్లాయన మాకోసం తన పేరున ఇల్లు బేరమాడుతుంటే, ఇరుగుపొరుగు చూడకూడదని నేను అక్కడ వంగి పడుకున్నాను. మేం దిగిన వారానికే పక్కింటి ముందు అమ్మకపు బోర్డు లేచింది. చూస్తుండగానే వీధి వీధంతా ఖాళీ అయింది. మనం కనిపిస్తే వాళ్ళు పారిపోయారు. మనం దాక్కుంటే వెల పెరుగుతుంది. ఇంత కాలంలో నేర్చుకున్నది ఇదేనా ఈ ఊరు?"

"మరి ఎందుకు వాణ్ణి బయటికి పొమ్మనలేదమ్మా?"

"గోడ ఒరుగుతోంది కనుక. నేను పోయేదాకా ఇక్కడే ఉండాలి కనుక. అడిగితే నేనే ఫోటోలు దింపేదాన్ని లాండా. నాతో చెప్పి చేసి ఉంటే ఇద్దరం పంచుకునేవాళ్ళం. నా ఇంట్లోకి నన్నే పరాయిదానిలా రానిచ్చావు. అదే నేను ఓర్చుకోలేకపోతున్నాను."

యొలాండా తల్లి ఒళ్ళో తల పెట్టి ఏడ్చింది. ఎర్నెస్టీన్ తడిచేతులతోనే ఆ తల నిమిరింది.

వారం తిరిగేసరికి కొత్త వెల వచ్చింది. మొదటిదానికి దాదాపు రెట్టింపు. గోడకు అప్పు పుడుతుంది. క్లిఫ్టన్ ఆ కాగితం చదివి బల్ల మీద బోర్లించాడు. ఎవరూ సంతోషించలేదు.

అప్పటిదాకా డిక్కీలోనే ఉన్న సంచులను యొలాండా ఇంట్లోకి తెచ్చింది. ముగ్గురూ మెట్ల దగ్గర నిలబడ్డారు. ఎండకు, పొగకు రంగు మారిన గోడ కాగితం మీద, ఇన్నేళ్ళూ ఫోటోలు కప్పిన చోట్లు మాత్రం లేతగా, అంచులు గీసినట్టు కనిపిస్తున్నాయి. మార్నీ ఫోటోలు వాటిలో సగానికి కూడా సరిపోయి ఉండవు.

"అయ్యో, ఇవి చూసి ఉంటాడు కదమ్మా!" అంది యొలాండా భయంగా.

ఎర్నెస్టీన్ హోరేస్ ఫోటోను తన చొక్కా అంచుతో తుడిచి, మేకుకు తగిలించి, వంకర సరిచేసింది. లేత గుర్తు అంచుల దాకా కప్పుకుపోయింది.

"గోడ చెబుతూనే ఉంది," అంది. "కొలవడానికి వచ్చినవాడు అడగలేదు. రెండో ఫోటో ఇలా ఇవ్వు."