మీ ఇల్లే అనుకోండి

మిట్టమధ్యాహ్నం... ఆకాశాన్ని కారునలుపు కమ్ముకుంది! పట్టపగలే గుడ్లగూబ కూత! ఫెళఫెళమని ఉరుము ఉరిమేసరికి వెనక పోర్షన్ తలుపు దానంతట అదే తెరుచుకుంది.

ఇంటి ఓనరు గుమ్మం బయట స్టూలు మీద చతికిలబడి ఉన్నాడు. భయపడడానికి కూడా ఆయనకి ఓపిక లేదు. ఇల్లు కొని అద్దెకిస్తే కాలు మీద కాలేసుకుని బతకొచ్చని ఊదరగొట్టిన బావమరిది, ఇప్పుడు ఫోనే ఎత్తడం లేదు. అద్దెలకని ఇల్లు కొనేవాళ్ళకి గోడలు చూసుకోమని అందరూ చెబుతారు, పైకప్పు చూసుకోమని చెబుతారు. నోరు చూసుకోమని మాత్రం ఒక్కరూ చెప్పరు!

వెనక పోర్షన్‌లో మొట్టమొదట దిగింది ఒక ఒంటరి ముసలావిడ. తాళంచెవి చేతిలో పెడుతూ ఓనరు, అందరితోనూ అనే మాటే ఆవిడతోనూ అన్నాడు. "మీ ఇల్లే అనుకోండి పెద్దమ్మా." మర్యాదకి అన్న మాట! ఎవరైనా నవ్వి ఊరుకుంటారు. ఆవిడ మాత్రం నిజంగానే అనుకుంది. గచ్చు అద్దంలా తుడిచింది, గోడకి ఒక్క మేకు దిగనివ్వలేదు, నిరుడు ఆ గదిలోనే కన్నుమూసింది. కానీ ఖాళీ చేయలేదు! ఆ తరవాత దిగినవాళ్ళు మేకు కొట్టబోతే సుత్తి ఎగిరిపోయేది... తలుపు ధడాలున వేస్తే చెంప ఛెళ్ళుమనేది... నెల తిరక్కుండానే సామాను సర్దుకునేవాళ్ళు.

చివరికి బట్టలు కుట్టుకునే అమ్మాయి దిగింది. గాజుల గలగలలాంటి ఆ పిల్ల గొంతు వారంలో ముసలి గొంతైంది, కళ్ళు చింతనిప్పులయ్యాయి. ఓనరు విసిగి వేసారి మాంత్రికుణ్ణి పిలిపించాడు.

ఇప్పుడా క్షుద్రోపాసకుడు భస్మవలయం మధ్య కూర్చుని, కపాలాన్ని ఎదుట నిలిపి, భీకర మంత్రోచ్చారణతో గదిని దద్దరిల్లజేస్తున్నాడు! వలయం అంచున కేశాలు విరబోసుకుని ఆ అమ్మాయి మెలికలు తిరిగిపోతోంది... పెదవుల వెంట రుధిరధార...

మాంత్రికుడు ఓనరు వైపు తిరిగాడు. "ఇది నీ ఇల్లు కాదు, పో అని ఒక్కసారి అను. యజమాని నోటిమాట పడితే చాలు, ప్రేతాన్ని నా కపాలం లాగేసుకుంటుంది."

"మరి ఈ అమ్మాయి?"

"దీని ప్రాణం కూడా పోతుంది. అద్దెకున్న పిల్లేగా, ఇంకొకళ్ళు దొరుకుతారు."

ఇరవై ఏళ్ళ రెక్కల కష్టం ఆ పోర్షన్! ఒక్క మాట అంటే మళ్ళీ తనదవుతుంది. ఓనరు నోరు తెరిచాడు. అంతలో ఆ ముసలి గొంతు అడుగు నుంచి కుట్టుపిల్ల సొంత గొంతు సన్నగా వినిపించింది, "బాబాయ్ గారూ... అనకండి..."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఎన్ని రాత్రుల అలసటో ఆ ముఖంలో!

"అన్న మాట అన్నాను. ఇల్లు మీదే పెద్దమ్మా. ఈ పిల్లని వదిలేయండి."

పిడుగు! దిక్కులు పిక్కటిల్లేలా పిడుగు! అమ్మాయి సొమ్మసిల్లి పడిపోయింది. గది నాలుగు గోడల్లోంచీ ఆ వృద్ధ కంఠం పలికింది. "విన్నావుగా. ఓనర్ని నేను. నా ఇంట్లో ముగ్గు పొయ్యడానికి నీకెవరు చెప్పారు?"

మాంత్రికుడు కపాలాన్ని ఎత్తాడు. అది అతని చేతుల్లోనే భళ్ళున పగిలింది! భస్మవలయం అగ్నివలయమై చుట్టుముట్టింది... కర్ణకఠోరమైన ఆర్తనాదం... ఆపైన నిశ్శబ్దం! గచ్చు మీద గుప్పెడు బూడిద మిగిలింది. మూలనున్న చీపురు తనంతట తానే లేచి, ఆ బూడిదని శుభ్రంగా గడప దాటించి వచ్చి, మళ్ళీ మూలకి ఆనుకుంది.

కాసేపటికి అమ్మాయి తేరుకుని మంచినీళ్ళు తాగింది. ఇక తను ఉండాలా, వెళ్ళిపోవాలా అని బిక్కుబిక్కుమంటూ అడిగింది. అడగాల్సింది తనని కాదన్నాడు ఓనరు, తాళంచెవి గూట్లో పెట్టేస్తూ.

లోపల్నుంచి జవాబు వచ్చింది, ఎంతో ఆప్యాయంగా.

"ఉండవే తల్లీ. నీ ఇల్లే అనుకో."

ఓనరు తల పట్టుకుని మళ్ళీ స్టూలు మీద కూలబడ్డాడు.