తువాలు కింద దరువు

మామిడికాయల సీజన్లో ప్రేమలో పడటమంత బుద్ధితక్కువ పని ఇంకొకటి లేదు. సత్యానికి నిలబడితే చాలు, కునుకు వచ్చేస్తోంది. తోటల నుంచి బళ్ళు వస్తూనే ఉంటాయి, కాయ దించుతూనే ఉండాలి, వరిగడ్డి పరిచి బుట్టలు కడుతూనే ఉండాలి. నూజివీడులోని వాళ్ళ మండీలో అతనికి మిగిలిన సుఖమల్లా మేకుకి తగిలించిన ట్రాన్సిస్టర్, అందులో సాయంత్రంపూట సిలోన్ స్టేషన్ వేసే ఇంగ్లీషు పాటలు.

ఆ రోజు తండ్రి శేషయ్య వస్తున్నాడని దాన్ని గభాలున కట్టేశాడు.

"పాట మధ్యలో కట్టేస్తారేంటండీ?"

గుమ్మంలో సౌభాగ్యలక్ష్మి. ఎదురుగా కొత్తగా కిరాణా కొట్టు పెట్టిన గంగాధరంగారి అమ్మాయి.

"గోలగా ఉందని తిట్టడానికొచ్చారా?"

"తిట్టడానికే. ఆయన ఇంకా ఏడవనే లేదు, మీరు కట్టేశారు."

సత్యానికి నిద్ర ఎగిరిపోయింది. అది హాల్లో జనం ముందు పాడిన రికార్డు. చివర్లో వాద్యాలన్నీ ఆగిపోతాయి. పాట అయిపోయిందని జనం అరుస్తుంటే డ్రమ్ము మీద రెండు దెబ్బలు పడతాయి, ఆ గాయకుడు ఏడుపు గొంతుతో మళ్ళీ అందుకుంటాడు. ఆ రెండు దెబ్బల కోసం కాచుకు కూర్చునే మనిషి ఊళ్ళో ఇంకొకరున్నారని అతను కలలో కూడా అనుకోలేదు.

అప్పట్నుంచీ అతనికి తీరిక లేని రోజున ఆమె ఇంట్లో విని, మర్నాడు వచ్చి చెప్పేది.

"నిన్న గిటారు ఆయన వాయించాడో చావబాదాడో తెలీదు. తీగ తెగిందనుకున్నా."

"ఊఁ."

"నిద్రపోతున్నారు మీరు."

"లేదు, కళ్ళు మూసుకుని వింటున్నా."

"ఆ గురక కూడా పాటలోదేనా?"

ఒకరోజు పాట సంగతి ఎత్తలేదు. "గురువారం చింతలపూడి వాళ్ళు నన్ను చూసుకోడానికొస్తున్నారు. మీ నాన్నగారితో మాట్లాడతారా, సీజన్ అయ్యేదాకా ఆగమంటారా?"

"రేపే మాట్లాడతాను" అన్నాడు సత్యం.

మర్నాడు సాయంత్రం బెజవాడ వ్యాపారి సువర్ణరాజు వచ్చాడు. మండీలో ధర పైకి చెప్పరు. తువాలు కింద చేతులు కలిపి, వేళ్ళు నొక్కి చెప్పుకుంటారు. అరచేతిలో రెండుసార్లు తడితే బేరం కుదిరినట్టే, ఇక మాట మార్చకూడదు. సువర్ణరాజు వేళ్ళు మరీ అన్యాయమైన ధర చెబుతున్నాయి. సత్యం కళ్ళు వాలిపోతున్నాయి. మేకు మీద ఆ పాటే వస్తోంది. వాద్యాలు ఆగాయి, జనం అరిచారు, సత్యం వేళ్ళు వాటంతటవే ఆ రెండు దెబ్బలూ వేసేశాయి.

"కుదిరింది" అన్నాడు సువర్ణరాజు, తువాలు తీసేసి.

లారీడు చిన్నరసాలు గడ్డి ధరకి వెళ్ళిపోయాయి. శేషయ్య అరవలేదు. ఆయన కూడా అలిసిపోయి ఉన్నాడు. ట్రాన్సిస్టర్ని తీసి ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు. ఆ మొహం చూశాక సత్యానికి పెళ్ళి మాట ఎత్తే ధైర్యం చాలలేదు. ఎంత దిగులేసిందంటే, ఆ పూట నిద్ర కూడా రాలేదు.

గురువారం పొద్దున్నే గంగాధరంగారు కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు, చుట్టాలకి పళ్ళు కావాలని. సౌభాగ్యలక్ష్మి తిన్నగా సత్యం దగ్గరికి వచ్చింది.

"మాట్లాడారా?"

"లేదు."

"తువాలు ఇటివ్వండి."

సత్యం భుజం మీది తువాలు తనే లాగి, అతని చేతి మీద కప్పింది. దాని కింద చెయ్యి పెట్టింది. కాసేపు ఏమీ లేదు. పాటలో అన్నీ ఆగిపోయే చోటు అదేనని సత్యానికి తెలుసు. అప్పుడు అతని అరచేతిలో రెండు దెబ్బలు పడ్డాయి.

శేషయ్య లేచి వచ్చాడు. "అమ్మాయ్, ఏం చేశావో తెలుసా?"

"తెలుసండి. తట్టాను."

"తట్టాక మాట మార్చకూడదు."

"అందుకే తట్టానండి."

గంగాధరంగారు బుట్ట మీద కూలబడ్డారు. "చింతలపూడి వాళ్ళకి ఏం చెప్పమంటారండీ?"

శేషయ్య కొడుకు వంక చూశాడు. "బేరం అయిపోయిందని చెప్పండి బావగారూ. ఈ సీజన్లో మావాడికి కుదిరిన మంచి బేరం ఇదొక్కటే."

ఆయన ఇనప్పెట్టె తాళం తీసి ట్రాన్సిస్టర్ని మళ్ళీ మేకుకి తగిలించేసరికి సత్యం గడ్డిమోపుకి ఆనుకుని నిద్రపోతున్నాడు. చెయ్యి మాత్రం ఇంకా తువాలు కిందే ఉంది.