గోళ్లున్న కుక్క

"రేపు వేటలో రేనాల్ఫ్ దొరని చంపబోతున్నారు," అన్నాడు ఆన్‌ఫ్రే.

"మంచి కబురు," అన్నాడు ఆల్‌స్టన్. "ఇందుకా పిలిపించారు?"

మఠంలో కొవ్వొత్తులు పోసే గది అది. లోకానికి ఆన్‌ఫ్రే అక్కడ మైనం కాచే సన్యాసి. అసలు పని, సముద్రం దాటి వచ్చి ఇంగ్లండును ఏలుతున్న నార్మన్ రాజుగారి వేగులను నడపడం. ఆ వేగుల్లో ఆల్‌స్టన్ ఒక్కడే ఇంగ్లీషువాడు.

"నువ్వు ఆపాలి."

"ఒక్క జింకని కొట్టాడని మా నాన్న రెండు కళ్లూ పీకించాడు వాడు. నేను ఆపాలా?"

"వేట మీ యాష్‌వెల్ అడవిలో. నార్మన్ శవం ఏ ఊరి పొలిమేరలో పడితే ఆ ఊరిదే నేరం. దొరగారి గ్రాన్‌మోర్ వంశం మూడు తరాలుగా ఏం చేస్తోందో నీకు తెలుసు. సాయంత్రానికి మీ ఊరు బూడిద. మీ అక్క ఇల్లు కూడా."

ఆల్‌స్టన్ పళ్లు కొరికాడు. "చంపేదెవరు?"

"ఫ్రెంచి రాజు మనిషి. దొర వదిన రోహేస్ మనకి పనిచేస్తోంది. ఆమె చూపిస్తుంది. గుర్తుమాటగా తేనె గురించి అడుగు."

మర్నాడు ఆల్‌స్టన్ వేటకుక్కల కాపరి వేషంలో ఉన్నాడు. మెడలో వేట కొమ్ము, దాని లోపల జానెడు కత్తి. తెల్ల గుర్రం మీద, ఆకుపచ్చ చేతితొడుగులతో రోహేస్ వచ్చింది. అందగత్తె.

"ఈ ఏడు తేనె బాగా పడిందా, దొరసానీ?"

"ఈగలు ఫ్రాన్సు వెళ్లిపోయాయి." ఆమె వంగి గొంతు తగ్గించింది. "ఎర్ర టోపీ బంటు. వాడే. కళ్లు తిప్పకుండా చూడు. మీ ఇంట్లో కళ్లు నిలవవటగా."

ఆమె నవ్వింది. ఆల్‌స్టన్ ఎర్ర టోపీని వెంబడించాడు.

వాగు దగ్గర ఒక గొర్రెల కాపరి కూర్చుని ఉన్నాడు. పక్కన నల్ల కుక్క.

"ఏ ఊరన్నా?" అడిగాడు ఆల్‌స్టన్.

"అడవికి తూర్పంచు. పుట్టి పెరిగిందంతా ఇక్కడే."

కుక్క నీళ్ల కోసం ముందుకాళ్లు రాతి మీద పెట్టింది. రెండు పంజాలకూ గోళ్లన్నీ ఉన్నాయి.

ఈ అడవిలో దొర కుక్కలకు తప్ప ఏ కుక్కకూ అన్ని గోళ్లుండవు. జింకల వెంట పరుగెత్తకూడదని ముందుకాలి గోళ్లు మూడు ఉలి పెట్టి నరుకుతారు. గ్రాన్‌మోర్ల చట్టం. చిన్నప్పుడు తన కుక్కపిల్లను కదలకుండా పట్టుకున్నది ఆల్‌స్టనే. ఆ అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

వీడు ఇక్కడివాడు కాదు.

రేనాల్ఫ్ గుర్రం వాగులో దిగింది. కాపరి చెయ్యి దుప్పటి కిందికి వెళ్లింది. మీట నొక్కితే బాణం వదిలే పొట్టి విల్లు బయటికొచ్చింది.

ఒక్క ఊపిరి ఆలస్యం చేస్తే చాలు. గోడ తడుముకుంటూ నడిచే నాన్న గుర్తొచ్చాడు. తర్వాత అక్క ఇంటి కప్పు.

ఆల్‌స్టన్ కొమ్ముతో కాపరి మణికట్టు విరగ్గొట్టాడు. బాణం రేనాల్ఫ్ చెవి గీరి చెట్టులో దిగింది. మరుక్షణం కాపరి గొంతు మీద కత్తి ఉంది.

ఆల్‌స్టన్ తలెత్తాడు. అందరూ దొర వైపు పరుగెడుతుంటే తెల్ల గుర్రం ఒక్కటే కోట వైపు తిరిగి ఉంది. కాపరిని బంట్ల వైపు తోసి, ఒక్క గెంతులో దాని కళ్లెం పట్టుకున్నాడు.

"ఎర్ర టోపీ అన్నారు, దొరసానీ."

రోహేస్ దాచలేదు. "ఫ్రెంచివాళ్లు కోట నాకిస్తామన్నారు. పదేళ్లుగా విధవనని మూల కూర్చోబెట్టాడు వీడు. నీకు మాత్రం కోపం లేదా?"

"ఉంది. కానీ మా ఊరిని తగలబెట్టించి తీర్చుకోను."

రేనాల్ఫ్ చెవి తుడుచుకుంటూ వచ్చాడు. "ఏం కావాలో కోరుకోరా."

"మా నాన్న కళ్లు."

రేనాల్ఫ్ అతని ముఖంలోకి చూశాడు. ఎవరి కొడుకో ఆయనకి గుర్తు రాలేదు. అడిగింది విననట్టే బంట్ల వైపు తిరిగాడు.

"ఈ ఇద్దర్నీ కోటకి తీసుకెళ్లండి. ఇద్దర్నీ విడిపించుకోడానికి ఫ్రెంచి రాజు ఓడల్లో సొమ్ము పంపుతాడు. ఆ కుక్కకి గోళ్లున్నాయేంటి? ఉలి తెండి."

సాయంత్రం మఠంలో ఆన్‌ఫ్రే అడిగాడు. "ఏమైంది?"

"దొర బతికాడు. ఊరు బతికింది." ఆల్‌స్టన్ కాలి దగ్గర నల్ల కుక్క, గోళ్లు తెగిన ముందుకాళ్ల కట్లు నాకుకుంటోంది. "సముద్రం దాటి వచ్చినవాళ్లలో ఇక్కడి చట్టానికి దొరికింది ఇదొక్కటే."