నూటికి తొంభై మూడు తప్పులు

ఉదయం ఏడుంబావుకి పదకొండో నంబరు మంచానికి ఎదురుగా ఉన్న అంకె అరవై నాలుగు నుంచి తొంభై ఒకటికి ఎగబాకింది.

డాక్టర్ తాహెరా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది. స్క్రీన్ మీద పిల్లల క్యాన్సర్ వార్డులోని ఇరవై రెండు మంచాలూ ఇరవై రెండు గళ్లుగా కనిపిస్తున్నాయి. ఇరవై ఒకటి పచ్చగా ఉన్నాయి. ఒక్కటే ఎర్రబడింది.

"ధనకోటి గారూ, పదకొండు," అంది.

ధనకోటి గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. "సువార్తా? నిన్న సాయంత్రం వరండాలో గంతులేస్తా కనబడింది గదా మేడమ్!"

"గంతులేస్తోంది కాబట్టే భయం."

ఇద్దరూ గబగబా వార్డులోకి వెళ్లారు. పదకొండో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆసుపత్రివాళ్లిచ్చిన గ్లాసు కడిగి బోర్లించి ఉంది. మందుల చీటీ దిండు కింద భద్రంగా ఉంది. కోపంతో వెళ్లినవాళ్లు దుప్పటి మడతపెట్టరు. వాళ్ల ఊరివైపు వెళ్లే చీరాల బస్సు అప్పటికి పావుగంట క్రితమే వెళ్లిపోయింది.

ఇది 2041 సంగతి. ఆసుపత్రి గుంటూరు పొలిమేరల్లో ఉండేది. అప్పటికి పిల్లలకొచ్చే రక్త క్యాన్సర్‌కి మందులు కొత్తవేం కాదు. సంపన్న దేశాల్లో ఆ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమంది బతికి, పెద్దవాళ్లయి, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. అవే మందులు తాహెరా వార్డులోనూ ఉన్నాయి. అయినా ఇక్కడ నూరుమంది పిల్లల్లో ముప్పైమంది వైద్యం మధ్యలో మాయమైపోయేవారు. ఆ జబ్బు తీరే అంత. మొదటి నెల మందులకే జ్వరం తగ్గుతుంది. రక్తంలో చెడ్డ కణాలు మైక్రోస్కోప్‌కి కనిపించనంత తక్కువైపోతాయి. పిల్ల నవ్వుతుంది, అన్నం అడుగుతుంది. తల్లిదండ్రులు దండం పెట్టి ఇంటికి వెళ్లిపోతారు. కానీ ఎముకల మూలగలో ఎక్కడో మిగిలిన కాసిని కణాలు మళ్లీ పెరుగుతాయి. వాటిని పూర్తిగా తుడిచిపెట్టడానికి రెండున్నరేళ్లు పడుతుంది.

తాహెరా డాక్టరే గాని, కంప్యూటర్ లెక్కల్లోనూ దిట్ట. మందు కనిపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు, మందు దగ్గర పిల్లల్ని నిలబెట్టేవాళ్లే లేరని ఆమె బాధ. అందుకే 'ముందుచూపు' తయారుచేసింది. చూడ్డానికి అది మంచం తలవైపు బిగించిన టిఫిన్ డబ్బాలాంటి పెట్టె, అంతే. మనుషుల మాటలు దాచుకోదు. గొంతులోని బరువును, మాటల మధ్య మౌనాన్ని మాత్రమే కొలుస్తుంది. తల్లి ఎన్ని గంటలు నిద్రపోయింది, తండ్రి రోజుకి ఎన్నిసార్లు బయటికి వెళ్లొచ్చాడు, మంచం కింది సంచి ఎన్నిసార్లు తెరిచారు, ఇలాంటివన్నీ దానిలోని సెన్సర్లు గమనిస్తాయి. పదేళ్లలో ఆ వార్డుకి వచ్చిన నాలుగు వేల కుటుంబాల గురించి నర్సులు రాసిపెట్టిన కాగితాలన్నీ ముందే దానికి నేర్పించారు. వాటితో పోల్చుకుని, ఫలానా కుటుంబం వైద్యం వదిలేసి వెళ్లే అవకాశం నూటికి ఎంతో ఒక అంకె చెబుతుంది. డెబ్భై దాటితే గడి ఎర్రబడుతుంది. పెట్టె ఎందుకుందో అందరికీ చెప్పే పెట్టారు. అంకె మాత్రం ఎవరికీ చెప్పేవారు కాదు.

ధనకోటి నర్సు కాదు. బట్టలు కుట్టుకునే మనిషి. గడి ఎర్రబడిన కుటుంబంతో కూర్చుని మాట్లాడటం, వెళ్లిపోయినవాళ్ల ఊరికి వెళ్లి రావడం ఆమె పని. ఆ పని చేసేవాళ్లు మొత్తం ఇద్దరే.

ఆ రోజు ధనకోటి తర్వాతి బస్సెక్కింది. చీరాలలో దిగి, ఆటో పట్టుకుని, సముద్రపు ఒడ్డున ఉన్న పల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. కొత్త కాలనీలో మూడో ఇంటి ముందు ఏడేళ్ల సువార్త తలకి తువ్వాలు చుట్టుకుని తొక్కుడుబిళ్ల ఆడుతోంది.

"అత్తా!" అని పరుగెత్తుకొచ్చింది.

ఆ కేక విని పిల్ల తల్లి రూతమ్మ బయటికి వచ్చింది. ధనకోటిని చూడగానే ఆమె మొహం పాలిపోయింది. "నన్నేం అడగబాక అక్కా. జొరం తగ్గింది, పదమన్నాడు. ఎందుకంటే చెప్పడు. ఆయన మడి కాడున్నాడు."

ఎండలో ఉప్పు మళ్లు కళ్లు పొడిచేలా మెరుస్తున్నాయి. యాకోబు కర్రపలకతో ఉప్పు ఒడ్డుకి లాగుతున్నాడు. ధనకోటి గట్టు మీద కూర్చుని చెంగు తలమీదికి లాక్కుంది. అతను చూశాడు గాని పని ఆపలేదు.

"పిల్ల బాగుందక్కా. ఇంక మందులు చాలు."

"బాగుంది. ఇప్పుడే చూసొచ్చా. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద ఐదు గళ్లు దాటింది."

అతను ఇంకో రెండు పలకలు లాగాడు.

"ఎందుకొచ్చేశావు తమ్ముడూ? నేను తిట్టడానికి రాలేదు."

యాకోబు పలక వదిలేసి నీళ్లలోకి చూస్తూ నిలబడ్డాడు.

"సోమవారం ఎన్నుపూసలో సూదేశారు. కదలకూడదన్నారు, నన్ను పట్టుకోమన్నారు. మోకాళ్లు గడ్డానికానేట్టు మడిచి పట్టుకున్నా. 'నాన్నా వదులు, నాన్నా వదులు' అంటానే ఉంది. నేను వదల్లా. ఆ తర్వాత నేను దగ్గరికి పోతే గోడవైపుకి జరిగి పడుకుంది. నా బిడ్డ నన్ను చూసి జడుసుకుందక్కా. ఇంకా పద్దెనిమిదిసార్లు ఏయాలంట. నా వల్ల కాదు."

రక్తంలోకి ఎక్కించే మందు మెదడు దాకా సరిగా చేరదు. అక్కడ దాక్కున్న కణాలకోసం వెన్నులో మందు వేస్తారు. యాకోబుకి అదంతా డాక్టర్లు చెప్పారు. అతనికి అర్థమైంది కూడా. అర్థం కాక వచ్చేసినవాడు కాదు అతను.



"మా పిల్లాడు వరబాబుకీ ఇదే జబ్బు. తొమ్మిదేళ్లయింది," అంది ధనకోటి. "మేమూ నీలాగే వచ్చేశాం. వాడు బస్సులో పాటలు పాడాడు. నయమైపోయిందని ఊరంతా చెప్పుకున్నాం. నాలుగో నెలలో మళ్లీ జ్వరమొచ్చింది. పరుగెత్తుకెళ్లాం గాని అప్పుడు మందు వినలేదు."

యాకోబు తలెత్తి చూశాడు.

"మమ్మల్ని ఎవరూ తిట్టలేదు తమ్ముడూ. ఆ నాలుగు నెలల్లో ఎవరూ రానూ లేదు. ఒక్కరొచ్చి ఇట్టా గట్టు మీద కూర్చున్నా, నేను తిరిగెళ్లేదాన్ని."

గాలికి చెంగు జారితే సర్దుకుంది. "ఇకనుంచి నువ్వు పట్టుకోబాక. నేను పట్టుకుంటా. కోపమేదో నా మీదే పెట్టుకోనీ. నువ్వు బయట నిలబడు. అయిపోయాక లోపలికొచ్చి ఎత్తుకో. దానికి నువ్వు ఎత్తుకున్నదే గుర్తుండాలి."

యాకోబు ఆ ఉప్పునీళ్లలోనే చేతులు కడుక్కున్నాడు. మొహం కూడా కడుక్కున్నాడు, ఆమెకి కనబడకుండా.

మర్నాడు ముగ్గురూ తిరిగి వచ్చారు. ధనకోటి చెప్పిందంతా విని తాహెరా తన పెట్టెవైపు చాలాసేపు చూసింది. నాలుగు వేల కుటుంబాల కాగితాల్లో ఎక్కడా 'బిడ్డ నన్ను చూసి జడుసుకుంది' అని రాసి లేదు. యంత్రం ఎవరు వెళ్తారో చెప్పగలిగింది. ఎందుకు వెళ్తారో ఒక మనిషి వెళ్లి కూర్చుంటేగాని తెలియలేదు. మత్తు డాక్టరు ఆ ఆసుపత్రికి బుధవారం మాత్రమే వచ్చేవాడు. వెన్నులో సూదులు మాత్రం ఏ రోజు కుదిరితే ఆ రోజు వేసేవారు. తాహెరా ఆ వారమే అన్నీ బుధవారానికి మార్పించింది. అప్పటినుంచి సువార్త ధనకోటి చెయ్యి పట్టుకుని నిద్రపోయేది, తండ్రి భుజం మీద మేలుకునేది. పాత సోమవారాన్ని నెల తిరిగేలోపే మరిచిపోయింది. యాకోబు మాత్రం ప్రతి బుధవారం బయట నిలబడి, తలుపు తెరిచేదాకా గోడకి ఆనించిన చెయ్యి తీసేవాడు కాదు.

రెండున్నరేళ్లు గడిచాయి. ముందుచూపును అన్ని ఆసుపత్రులకూ ఇవ్వవచ్చో లేదో తేల్చడానికి ఒక పరిశీలన సంఘం వచ్చింది. దాని అధ్యక్షుడు ప్రొఫెసర్ శ్రీవత్సన్ నెమ్మదైన మనిషి, నిక్కచ్చి మనిషి కూడా. సువార్త చివరి పరీక్షల కోసం ఆ రోజే వచ్చిన యాకోబును, కుటుంబాల తరఫున మాట్లాడమని తాహెరా కూర్చోబెట్టింది.

"డాక్టర్ గారూ, మీ యంత్రం నూట నలభై కుటుంబాలు వైద్యం వదిలేస్తాయని చెప్పింది," అన్నాడు ప్రొఫెసర్. "నాలుగు వారాలు రాకపోతేనే వదిలేసినట్టు మన లెక్క. ఆ లెక్కన వదిలేసినవి పది. నూట ముప్పై కుటుంబాలు వైద్యంలోనే ఉన్నాయి. అంటే నూటికి తొంభై మూడుసార్లు మీ యంత్రం తప్పు చెప్పింది."

"వాళ్లు ఉండిపోయింది యంత్రం చెప్పిన వెంటనే మేం వెళ్లాం కాబట్టి సార్."

"కావచ్చు. యంత్రం లేకుండా వెళ్లినా ఉండేవారేమో కదా?"

ధనకోటి లేచి నిలబడింది. "మేం ఇద్దరమే సార్. ఇరవై రెండు మంచాలు, ఇంటికెళ్లి మందులు వాడుకునేవాళ్లు మూడొందలమంది. పొద్దున్నే ఎవరింటికి ముందెళ్లాలో అదే చెప్పేది."

ప్రొఫెసర్ తల ఊపాడు. "నమ్ముతానమ్మా. కానీ నా నమ్మకం రుజువు కాదు. ఒక మార్గం ఉంది. ఆరు నెలలపాటు ఎర్రగడి వచ్చిన కుటుంబాల్లో సగంమంది దగ్గరికి వెళ్లకండి. వాళ్లు నిజంగా వెళ్లిపోతే యంత్రం సరైనదని తేలిపోతుంది."

తాహెరా బల్ల మీది కాగితాలు సర్దింది, అవసరం లేకపోయినా.

"ఆ సగంలో ఎవరి పేర్లు రాయమంటారు సార్?"

వెనక కుర్చీలోంచి యాకోబు లేచాడు.

"అయ్యా, నాకు చదువు రాదు. మేం పోతామని ఆ పెట్టె చెప్పిందంట. ఈ సంగతి నాకు ఇయ్యాలే తెలిసింది. ముందు రోషమొచ్చింది. కానీ అది అబద్ధం చెప్పలా. మేం పోయాం. ఈ అక్క మా మడి గట్టు మీదికొచ్చి ఆ మాట అబద్ధం చేసింది. నా బిడ్డ బయట ఆడుకుంటంది. మీరు దాన్ని తప్పు లెక్కలో రాసుకుంటారా, రాసుకోండి. ఆ తప్పుకి నేను రోజూ దండం పెట్టుకుంటన్నా."

శ్రీవత్సన్ కళ్లద్దాలు తీసి, కిటికీలోంచి వరండావైపు చూశాడు. భుజాలదాకా జుట్టు పెరిగిన పదేళ్ల పిల్ల ఒకతి ఎవరితోనో వాదిస్తోంది. ఆయన ఆ ఆరు నెలల మాట మళ్లీ ఎత్తలేదు. కానీ నివేదికలో ఉన్న సంగతే రాశాడు: 'యంత్రం అంచనాలు నమ్మదగినవి కావు.'

ముందుచూపు మిగతా ఆసుపత్రులకి వెళ్లలేదు. తాహెరా వార్డులో మాత్రం అలాగే ఉండిపోయింది. వైద్యం ముగించుకున్న పిల్లల తల్లిదండ్రులు పదకొండుమంది ధనకోటితో కలిసి ఊళ్లు తిరగడం మొదలుపెట్టారు. వాళ్లలో రూతమ్మ మొదటిది.

ఏడాది తర్వాత సముద్రం అవతలి దేశంలోని ఒక ఓడరేవు పట్టణం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడి పిల్లల ఆసుపత్రి ముందుచూపు తయారీ వివరాలు పత్రికల్లో చదివి, సొంతంగా చేయించుకుంది. యంత్రం అద్భుతంగా పనిచేస్తోందట. నూటికి తొంభై నాలుగు అంచనాలు నిజమయ్యాయట. ఆ ఏటి ఉత్తమ ఆవిష్కరణగా దాన్ని ఎంపిక చేశారు, సభకి వచ్చి సన్మానం అందుకోమని తాహెరాని కోరారు.

తాహెరా ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది. ధనకోటి దగ్గరికి వెళ్లి చదివి వినిపించింది.

"తొంభై నాలుగు నిజమయ్యాయా?" అంది ధనకోటి. ఆమె చేతిలోని కత్తెర ఆగిపోయింది. "అయితే ఆ పిల్లలందరూ..."

"అవును. అక్కడ అంకె చూసుకున్నారు గాని, ఆ ఇళ్లకి ఎవరూ వెళ్లలేదు."

ఇద్దరూ కలిసే వెళ్లారు. సభలో శాలువా కప్పి, చప్పట్లు కొట్టి, తాహెరాని మాట్లాడమన్నారు. ఆమె యంత్రం గురించి రెండు మాటలే చెప్పింది. తర్వాత ధనకోటిని వేదిక మీదికి పిలిచింది. ధనకోటి తెలుగులో మాట్లాడింది, తాహెరా ఇంగ్లీషులో చెప్పింది, ఇంకొకరు అక్కడి భాషలోకి మార్చారు. వరబాబు కథ మూడు భాషలు దాటి వెళ్లేసరికి కూడా చల్లారలేదు. సభ అయ్యాక, మనవడిని పోగొట్టుకున్న ఒక ముసలావిడ వచ్చి ధనకోటి చేతులు పట్టుకుంది. ఎర్రగడి వచ్చిన ఇళ్లకి తను వెళ్తానంది.

మరుసటి ఏడు ఆ ఆసుపత్రి కొత్త లెక్కలు పంపింది. కింద ఒక అధికారి విచారంగా ఇలా రాశాడు: 'యంత్రం బాగా పాడైపోయినట్టుంది. ఈ ఏడు నూటికి పదకొండు అంచనాలే నిజమయ్యాయి. బాగుచేసే మార్గం ఉంటే దయచేసి తెలపగలరు.'

ఆ రోజు తాహెరా వార్డులోని ఇరవై రెండు మంచాలకీ మిఠాయి పంచింది. ఎందుకని అడిగినవాళ్లందరికీ, "మన యంత్రం అక్కడ కూడా తప్పు చెబుతోంది," అని చెప్పి నవ్వింది.